మిరపకాయల బుట్ట

ఆ డిసెంబరులో లావోస్‌లోని మా సవన్నఖేత్ నుంచి, నేను చదువుకునే వియత్నాం ఊరు హ్వేకి తిరిగి వస్తుంటే బస్సులో నా మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి, నా సంచిలోంచి వస్తున్న ఊరవేసిన చేపల వాసన. రెండోది, నా ఒళ్ళో ఉన్న వెదురు బుట్ట పక్క సీటాయన మోచేతికి గుచ్చుకుంటోందట. లావో బావ్ సరిహద్దు దగ్గర అందరినీ దింపి, సామాన్లతో సహా వానలో వరస కట్టించారు. వియత్నాం వైపు అధికారి నా సంచి జిప్పు తీసి, వెంటనే వేసేశాడు.

"తినేదేనా ఇది?"

"మీ చేపనీళ్ళు తినేవైతే ఇదీ తినేదే సార్."

ఆయన నవ్వి ముద్ర కొట్టాడు. చదువు కోసం ఆ సరిహద్దు దాటడం అప్పటికి నాకు ఏడోసారి. మొదటిసారి దాటినప్పుడు వియత్నాం భాషలో నాకు వచ్చినవి రెండే మాటలు, నమస్కారం, ఆకలి. ఏడోసారికి ఎదురు మాట్లాడటం కూడా వచ్చేసింది. ఆ ఘనత న్యాన్ పిన్నిది.

బుట్ట కూడా ఆవిడకే. మా లావోస్‌లో జిగురన్నం ఉడికాక అలాంటి మూత బుట్టలో పెట్టుకుని, చేత్తో ముద్దలు తీసుకుని తింటాం. ఇది మా అమ్మమ్మ తన చేత్తో అల్లింది. మూతకీ బుట్టకీ కలిపి ఒక తాడు కట్టింది, మూత ఎక్కడా పోకుండా. బస్సెక్కే ముందు నా చేతిలో పెట్టి జాగ్రత్తలు చెప్పింది.

"నీ అక్కడి అమ్మకి ఇవ్వు. ఖాళీగా ఇవ్వకు, అన్నం పెట్టి ఇవ్వు. తిన్నాక మూత వెయ్యమను. మూత వెయ్యకపోతే ఆలుమగలు విడిపోతారు."

"ఆవిడ మొగుడు పోయి పదేళ్ళయింది అమ్మమ్మా."

"అయితే ఇంకెవరో విడిపోతారు. వెయ్యమను."

మా అమ్మమ్మతో వాదించి గెలిచినవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. నేను బుట్ట ఒళ్ళో పెట్టుకుని పది గంటలు ప్రయాణం చేశాను.

న్యాన్ పిన్ని నాకు ఏ వరసా కాదు. మొదటి ఏడు భాష పట్టుబడటానికని మా కాలేజీ లావోస్ పిల్లల్ని నెలరోజుల పాటు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో ఉంచింది. నన్ను ఊరి చివరి పేట కిమ్ లాంగ్‌లో ఆవిడ ఇంట్లో వేశారు. నెల గడిచి హాస్టలుకి వెళ్ళిపోయినా, శనివారం వచ్చేసరికి నా సైకిలు అటే తిరిగేది. పిన్నికి యాభై దాటాయి. ఒక్కడే కొడుకు ఖ్వా, దా నాంగ్‌లో ఓడల మరమ్మతు పనిలో ఉండేవాడు, పండక్కి తప్ప రాడు. ఇంట్లో కోడలు లియెన్ ఉండేది. నాకంటే ఆరేళ్ళు పెద్ద. అప్పటికి రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి నాలుగో నెల నడుస్తోంది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. లియెన్ మెట్టు దిగుతుంటే మాత్రం పిన్ని చేస్తున్న పని ఆపి చూసేది.

అమ్మమ్మ చెప్పినట్టే బుట్టలో అన్నం పెట్టి ఇచ్చాను. ముగ్గురం తిన్నాం. మూత సంగతి మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి బుట్ట వంటింట్లో మేకుకి వేలాడుతోంది, నిండా ఎండు మిరపకాయలతో, మూత తాడుకి పక్కన వేలాడుతూ. నేను అటు వెళ్ళినప్పుడల్లా మూత వేసేదాన్ని. పిన్ని అటు వెళ్ళినప్పుడల్లా తీసేసేది.

"ఎవరే మాటిమాటికీ మూసేది? మిరపకాయలకి గాలి తగలక్కర్లేదా, బూజు పట్టవూ?"

"నేనే పిన్నీ. మూత తీసి ఉంటే మా కళ్ళు ఊరుకోవు."

"మీ కళ్ళకి చెప్పు, ఇది హ్వే అని. ఇక్కడ నాలుగు నెలలు వాన."

మూత వెయ్యకపోతే ఏమవుతుందో చెప్పలేకపోయాను. కొడుకు ఒక ఊళ్ళో, కోడలు ఒక ఊళ్ళో ఉన్న ఇంట్లో ఆలుమగలు విడిపోతారన్న మాట ఎలా అంటాను?

వాళ్ళ చాంద్రమాన లెక్కలో పన్నెండో నెల వచ్చిందంటే కిమ్ లాంగ్ అంతా అల్లం ఘాటే. పిన్ని ఏడాది పొడుగునా ఏవేవో చిన్న పనులు చేసుకున్నా, ఇల్లు గడిచేది మాత్రం ఆ నెల చేసే అల్లం మురబ్బాతోనే. వాళ్ళ కొత్త సంవత్సరం తెత్ పండక్కి ఇంటికొచ్చిన వాళ్ళకి టీతో పాటు అల్లం మురబ్బా పెట్టని ఇల్లు హ్వేలో ఉండదు. ముదురు అల్లం పనికిరాదు, మరీ లేతదీ పనికిరాదు. తొక్క గీకి, కాగితమంత పల్చగా కోసి, మూడు నీళ్ళు మార్చి ఉడికించి, చివరి నీళ్ళలో నిమ్మరసం పిండాలి. ఆ తర్వాత పంచదార వేసి బొగ్గుల పొయ్యి మీద కలుపుతూనే ఉండాలి. పాకం ముదిరి, మళ్ళీ పొడిబారి, తెల్లగా ముక్కకి అంటుకునేదాకా చెయ్యి ఆగకూడదు. ఆగితే అంతా ఒకటే ముద్ద.

శని, ఆదివారాలు నాది గీకే పని. మొదటి వారం అరచేతులు ఎంత మండేవంటే నీళ్ళ బక్కెట్టులో చేతులు పెట్టుకుని చదువుకునేదాన్ని, లియెన్ పేజీలు తిప్పేది. క్లాసులో మా ప్రొఫెసరుగారు నేలల గురించి చెప్పేది నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం లియెన్ నాకు వంటింటి భాషలో చెప్పేది. బంకమట్టి అంటే ముద్దయిపోయిన మురబ్బా, ఇసకనేల అంటే సరిగ్గా కుదిరిన మురబ్బా. ఆ లెక్కన పరీక్ష రాసి ఎనిమిది తెచ్చుకున్నాను, పదికి. సోమవారాలు నా పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం ముక్కు తుడుచుకుంటూ, "నీ పక్కన కూర్చుంటే జలుబు తగ్గిపోతోంది," అనేది.

ఒక ఆదివారం పిన్ని పొయ్యి దగ్గర కలుపుతూ ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావే?"

"తొంభై ఏడు."

"అది కాదు. ఏ జంతువు?"

"ఎద్దు."

పిన్ని గరిటె ఆపింది. చెయ్యి ఆపితే చంపేస్తానని నెలరోజులుగా నన్ను తిడుతున్న మనిషి గరిటె ఆపింది.

"వచ్చేది కోడి సంవత్సరం. కోడికి ఎద్దంటే ప్రాణం. కోపం లేని పిల్లవి, పిలిస్తే పలుకుతావు, అమ్మా నాన్నా ఉన్నారు. ఈ ఏడు మా ఇంటికి తొలి అడుగు నువ్వే పెట్టాలి."

తెత్ మొదటి రోజు పొద్దున్నే బయటినుంచి ఇంట్లోకి వచ్చే మొదటి మనిషిని బట్టి ఆ ఇంటికి ఏడాదంతా నడుస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకే ఆ మనిషిని ముందే ఎంచి పెట్టుకుంటారు.

"పోయినేడు ఎవరొచ్చారు పిన్నీ?"

"పక్కింటి మాస్టారు. పెద్దమనిషి, చదువుకున్నవాడు. ఏం లాభం? మార్చిలో..." అని గొంతు తగ్గించి, గరిటె మళ్ళీ తిప్పింది. "ఈసారి ఇద్దరు అడిగారు, మేమొస్తామని. వద్దన్నాను. వాన్ వస్తుందని వీధంతా చెప్పేశాను."

నా పేరు విలైవన్. వాళ్ళ నోళ్ళకి అది వాన్ అయింది.

నాకు గర్వంగానే ఉండింది. దేశం కాని దేశంలో ఒక ఇంటి ఏడాది అదృష్టం నా కాళ్ళ మీద నడిచి వస్తుందంటే ఎవరికి ఉండదు? అల్లం గీకుతూ లియెన్ నాకు నియమాలన్నీ చెప్పింది. ఎనిమిదింటిలోపు రావాలి. కుడికాలు పెట్టాలి. మొదటి రోజు చీపురు ముట్టకూడదు, గిన్నె పగలగొట్టకూడదు, ఇంట్లో ఎవరూ ఏడవకూడదు.

"ఇంకోటి అన్నిటికన్నా పెద్దది. ఇంట్లో చావు జరిగినవాళ్ళు పండగనాడు ఇంకొకళ్ళ గడప తొక్కకూడదు. మైల. మా అత్తయ్య అయితే అలాంటివాళ్ళు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతుంది."

"మా దగ్గర అంతా తిరగేసి లియెనక్కా. చావు జరిగిన ఇంటిని మేం మంచి ఇల్లు అంటాం."

"మంచి ఇల్లా?"

"అవును. వీధి వీధంతా అక్కడికే పోతుంది. వండుకుని తింటారు, పేకాట ఆడతారు. దహనం అయ్యేదాకా ఆ ఇంట్లో సందడి ఆగకూడదు."

"చావింట్లో పేకాటా?"

"ఆడకపోతే తప్పు. ఇంటివాళ్ళు ఒంటరిగా మిగిలిపోతారు కదా."

లియెన్ గీకుతున్న అల్లం పక్కన పెట్టింది. "వినడానికి బాగానే ఉంది," అంది. "ఇక్కడ మాత్రం అనకు."

మా అమ్మమ్మ వాళ్ళ పన్నెండో నెల ఇరవై ఎనిమిదో తారీఖున పోయింది. పండక్కి ఇంకా మూడు రోజులుంది. ఆ పూట ఆఖరి వాయి మురబ్బా దింపాం. పిన్ని సంతకి వెళ్ళింది. నేను పెరట్లో కుళాయి దగ్గర మూకుళ్ళు తోముతుంటే అమ్మ ఫోన్ చేసింది. పొద్దున టీ తాగి, మగ్గం దగ్గర కూర్చుని, అలాగే ఒరిగిపోయిందట. ఎనభై ఒకటి. బాధ పడలేదని అమ్మ నాలుగుసార్లు చెప్పింది. మంచి రోజు చూసి నాలుగో నాడు మధ్యాహ్నం పన్నెండింటికి దహనం పెట్టారు. నాలుగో నాడంటే వీళ్ళ పండగ మొదటి రోజు.

ఫోన్ పెట్టేసి మళ్ళీ మూకుడు తోమాను. తోమిందే తోముతున్నాను. లియెన్ బట్టలారేస్తూ చూసింది. ఆవిడకి మా భాష ఒక్క ముక్క రాదు.

"ఎవరు?" అంది.

"అమ్మమ్మ."

"బుట్ట అల్లిన..." అని ఆగిపోయింది. నా పక్కన పీట వేసుకుని కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత అంది, "అత్తయ్యకి చెప్పకు. నేనవన్నీ నమ్మను. పొద్దున్నే నువ్వు మామూలుగా వచ్చెయ్. ఎవరికీ తెలీదు."

నిజంగానే అంది. నన్ను ఒంటరిదాన్ని చెయ్యకూడదనే అంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు నా భుజం మీది చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుంది. తీసినట్టు కూడా ఆవిడకి తెలీదు. నోరు చెప్పేది నోరు చెప్పింది, చెయ్యి చెప్పేది చెయ్యి చెప్పింది. నేను చెయ్యి చెప్పింది విన్నాను.

మర్నాడు బస్టాండుకి వెళ్ళాను. ఎలాగోలా ఇంటికి పోతే ఏ పేచీ ఉండదనుకున్నాను. టికెట్ల గదికి తాళం. బయట ఊడుస్తున్నాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"లావోస్ బస్సా? పండగ నాలుగో రోజు దాకా లేదమ్మా. డ్రైవర్లకి మాత్రం పండగ వద్దా?"

"సరిహద్దు దాకా ఏదైనా దొరుకుతుందా?"

"మోటారుసైకిలు వాణ్ణి అడుగు. ఈ వానలో ఆ కొండ రోడ్డు మీద వస్తానన్నవాణ్ణి మాత్రం నమ్మకు. తాగి ఉంటాడు."

అమ్మకి ఫోన్ చేస్తే అమ్మా అదే అంది. కొండ దారిలో రావద్దు, ఒక చావు చాలు అంది. నేను హాస్టలుకి తిరిగొచ్చాను.

ఇక్కడే నేను తెలివితక్కువ పని చేశాను. రానని ఆ రోజే చెప్పేసి ఉండాల్సింది. ఏ అబద్ధం చెప్పాలో తేలక ఒక రోజంతా నాన్చి, ముప్పయ్యో తారీఖు, పండగ ముందు రోజు సాయంత్రం ఫోన్ చేశాను. నా గదిలో అమ్మాయి కేసొన్‌కి నూటమూడు జ్వరం, వదిలి రాలేను పిన్నీ అన్నాను. వాళ్ళు ఇంకొకళ్ళని చూసుకుంటారనుకున్నాను. పిన్ని, "గంజి కాచి పట్టు. అల్లం వెయ్యి," అని పెట్టేసింది.

కేసొన్ మా లావోస్‌లోనే పాక్సే పిల్ల. గుండ్రాయిలా ఉంది. హాస్టలు మొత్తం మీద ఆ పండక్కి ఊరికి పోకుండా మిగిలింది మేమిద్దరమే. సంగతి చెప్పగానే ఏడవలేదు, ఓదార్చలేదు. లేచి, ఒక మంచం గోడకి జరిపి, నేల తుడిచి, చాప పరిచింది. నా ఫోన్‌లో అమ్మమ్మ ఫోటో వెతికి, గోడకి ఆనించి నిలబెట్టింది. పుచ్చగింజల పొట్లం విప్పి, పేకలు తీసింది.

"ఇద్దరమే ఉన్నాం," అన్నాను.

"మంచి ఇంటికి ఇంతమంది ఉండాలని ఎక్కడా లేదు. ముక్కలు తియ్యి."

అలా ఆడాం. పొద్దున లేచి మళ్ళీ ఆడాం. పండగనాడు ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే వాన చూరు మీంచి జారడం వినిపించేది. పదకొండు దాటాక మెట్ల మీద చెప్పుల చప్పుడయింది.

న్యాన్ పిన్ని మా గుమ్మం ముందు నిలబడింది. పండగ బట్టల మీద నీలం వానకోటు, జడంతా తడి. గడప అవతలే ఆగిపోయింది. నేనూ రమ్మనలేదు.

"జ్వరం ఎవరికి?" అంది.

కేసొన్ చేతిలో పేకలున్నాయి, నోటినిండా పుచ్చగింజలున్నాయి. "నాకే పిన్నిగారూ," అంది.

"అలాగే కనబడుతోంది."

పిన్ని నన్ను చూసింది, చాప చూసింది, గోడకి ఆనించిన ఫోటో చూసింది.

"ఏడింటికే గడియ పెట్టుకుని కూర్చున్నాం," అంది. "ఎవరినీ లోపలికి రానివ్వకూడదు కదా. నువ్వు రావని తెలిసినా నాకు ఇంకొకళ్ళని అడగబుద్ధి కాలేదు. వీధిలోవాళ్ళేమో మా వాన్ వచ్చాక వద్దామని వాళ్ళిళ్ళలో కూర్చున్నారు. ముందు అడుగు పెట్టి మాట పడటం ఎవరికి ఇష్టం? పదింటికి లియెన్ ఏడుపు మొదలుపెట్టింది. మొదటి రోజు ఏడవకే అంటే ఇంకా ఎక్కువైంది. నేనే పంపేశాను అత్తయ్యా అంటుంది. ఏం పంపావే అంటే, చెప్పింది."

"అక్క పంపలేదు పిన్నీ. రమ్మంది."

"రమ్మన్నదీ చెప్పింది. కడుపు పట్టుకున్నదీ చెప్పింది. నువ్వు చూశావని దానికి తెలుసు." తల మీది నీళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు నేను రాకపోతే తానే సైకిలేసుకుని వస్తానంది, ఆ కడుపుతో."

పిన్ని కిందికి చూసింది, మా గడపని. మైల ఉన్నవాళ్ళు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగే మనిషి. వంగి చెప్పులు విప్పింది. లోపలికొచ్చి చాప మీద కూర్చుంది.

"నాకూ ముక్కలు వెయ్యండి," అంది. "ఆట నాకు రాదు. నేర్పండి."

కేసొన్ ఆటంతా నేర్పింది. పిన్ని ఓడిపోయింది, ఒప్పుకోకుండా ఇంకో ఆట వేయించుకుని అదీ ఓడిపోయింది. నా వైపు చూడకుండా పేకలు సర్దుతూ అప్పుడంది.

"మైల ఉన్నవాళ్ళు పండగనాడు పరాయి ఇంటికి పోకూడదు. అది నియమమే, నేను కాదనను. మా అత్తగారు పోయిన ఏడు నేనూ ఎవరి గడపా తొక్కలేదు, నా ఇంట్లో నేనున్నాను. మరి నువ్వు ఇంట్లో ఉండకుండా ఇక్కడేం చేస్తున్నావు?"

నా చేతిలో పేకలు చాప మీద పెట్టాను.

"తొలి అడుగు?" అన్నాను.

"నేను బయటికొచ్చాను కదా. నేనే ముందు వెళ్తాను. ఎవరూ దొరకనివాళ్ళు తమ ఇంటికి తామే తొలి అడుగు పెట్టుకుంటారు. అలాంటివాళ్ళని చూసి ఇన్నేళ్ళూ నవ్వాను, ఈ ఏడు వీధి నన్ను చూసి నవ్వుకోనీ. నాది గుర్రం సంవత్సరం. కోడికి గొప్ప చుట్టమేం కాదు, తగాదా మాత్రం లేదు." లేచి కేసొన్ వైపు తిరిగింది. "జ్వరం తగ్గితే నువ్వూ రా."

ముగ్గురం ఆవిడ మోటారుసైకిలు మీద ఇరుక్కుని కిమ్ లాంగ్‌కి వెళ్ళాం. గేటు దగ్గర పిన్ని మమ్మల్ని ఆపి, జుట్టు సర్దుకుని, కుడికాలు ముందు పెట్టి తన ఇంట్లోకి తాను వెళ్ళింది. లోపల కొడుకు ఖ్వా నవ్వు ఆపుకుంటూ, "రండి రండి, ఎవరింటి పిల్లలు మీరు," అన్నాడు. పిన్ని తన ఇంటికి తానే ఆరోగ్యం, ఐశ్వర్యం, కడుపు పంట కోరుకుని, వెనక్కి తిరిగి నన్ను రమ్మంది.

నేను గేటు బయటే నిలబడ్డాను. లియెన్ గేటు దాకా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కడుపు మీదికి వెళ్ళిన చెయ్యి అదే. పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది, నేను ఏ కాలు ముందు పెట్టానో ఎవరూ చూడలేదు.

జూన్‌లో లియెన్‌కి ఆడపిల్ల పుట్టింది. అది తన తొలి అడుగు వల్లే అంటుంది పిన్ని. డాక్టరు పడుకోబెట్టి ఉంచిన నాలుగు నెలల వల్ల అంటాను నేను. ఆ పిల్లకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మా ఇద్దరి వాదన విని మురబ్బా చప్పరిస్తూ ఎవరు ఎక్కువ ముక్కలిస్తే వాళ్ళ వైపు చేరుతుంది.

ఆ రోజు ఇంట్లోకి వెళ్ళేసరికి పన్నెండు కావడానికి కొంచెమే ఉంది. అక్కడ దహనం ఎన్నింటికని పిన్ని అడిగింది. చెప్పాను. గోడ గడియారం చూసి పనిలో పడింది. పూర్వీకుల పీఠం పక్కన ఒక ఎత్తు స్టూలు వేసి గుడ్డ పరిచింది. "పీఠం మీద పెట్టలేనే. మా మామగారు సొంత వియ్యంకుణ్ణే తన చాప మీద కూర్చోనిచ్చేవారు కాదు. పక్కనే అయితే ఏమీ అనలేరు," అంది. అమ్మమ్మ ఫోటో పెట్టి కేసొన్ అందించిన నా ఫోన్ దాని మీద నిలబెట్టింది. గిన్నెలో అన్నం పెట్టి, పక్కన తినే పుల్లలు పెట్టబోయింది.

"మా అమ్మమ్మ పుల్లలతో తినదు పిన్నీ. చేత్తోనే."

పిన్ని పుల్లలు తీసేసింది. గిన్నె కూడా తీసేసింది. వంటింట్లోకి వెళ్ళింది. మేకు మీంచి బుట్ట దింపి, మిరపకాయలన్నీ చేటలో కుమ్మరించి, పొడి గుడ్డతో లోపలంతా తుడిచి, పండక్కి వండిన జిగురన్నం అందులోకి వేడివేడిగా మార్చింది. స్టూలు మీద బుట్ట, పక్కన చెయ్యి కడుక్కోవడానికి చిన్న గిన్నెతో నీళ్ళు, ఒక సాసరులో నాలుగు ముక్కలు మురబ్బా. మూడు అగరొత్తులు నా చేత వెలిగింపించింది. మిరపకాయల ఘాటుకి అందరం ఒకసారి దగ్గాం.

అమ్మ దగ్గర్నుంచి ఒక్క మాట వచ్చింది ఫోన్‌కి, అమ్మమ్మ ఫోటో మీదే. నిప్పు పెట్టారు, అని. నేను చదివి చెప్పాను. అగరొత్తులు కాలేదాకా అందరం అక్కడే కూర్చున్నాం, ఖ్వాతో సహా.

ఆఖరి బూడిద రాలాక పిన్ని లేచి బుట్ట దగ్గరికి వెళ్ళింది. తాడుకి వేలాడుతున్న మూత చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు వెయ్యాలా ఇది?"

"వెయ్యాలి పిన్నీ. తినడం అయ్యాక వెయ్యాలి."

"అందుకా నువ్వు వచ్చినప్పుడల్లా మూసేదానివి."

"అవును."

"చెప్పొద్దూ," అంది. మూత పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసి, మెల్లగా నొక్కింది.

ఆ చిన్న చప్పుడు అమ్మమ్మ రోజూ అన్నం తిన్నాక చేసేదే. మొదటి రోజు ఆ ఇంట్లో ఎవరూ ఏడవకూడదని గుర్తుంది. పళ్ళు బిగించాను. పిన్ని నా మొహం చూసింది. బయట వీధిలో అప్పటికే జనం కదిలారు, న్యాన్ ఇంట్లో అడుగు పడిందట అంటున్నారు. పిన్ని వాకిట్లోకి వెళ్ళింది. గేటు మూసి, గడియ పెట్టి, తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ఏడువు," అంది.

పక్కింటి మాస్టారు వచ్చి గడియ రెండుసార్లు ఆడించారు. పిన్ని లేవలేదు.